బోరు మోటారా, సెల్‌ఫోనా?

మనిషి బతుకును మార్చిన యంత్రం ఏదంటే చాలామంది సెల్‌ఫోన్ అంటారు. అనంతపురం జిల్లాలో నా ఓటు మాత్రం సబ్‌మెర్సిబుల్ మోటారుకే.

ఫోన్ తక్కువదేమీ కాదు. 1973లో మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి తొలి కాల్ చేశాడు. మన దేశానికి 1995లో వచ్చింది. చీనీకాయల (బత్తాయిల) ధర ఇంట్లోనే తెలుస్తోంది, సరే.

మోటారు సంగతి వేరు. గట్టు మీద బిగించే పంపు నీటిని పీల్చాలి. లోతు 10 మీటర్లు దాటితే దానివల్ల కాదు. సబ్‌మెర్సిబుల్ నీళ్లలోనే మునిగి ఉండి కింది నుంచి పైకి తోస్తుంది. అర్మైస్ అరుటునాఫ్ అనే ఇంజినీరు చమురు బావులకు వాడిన ఈ పద్ధతే మన దగ్గర వందల అడుగుల కింది నీళ్లు తెచ్చి చీనీ చెట్లను బతికించింది. భూగర్భజలం అడుగంటిన పాపంలోనూ, దుమ్ము మాత్రమే లేచిన బోర్ల అప్పుల్లోనూ దానికి వాటా ఉందనుకోండి.

ఇప్పుడు రెండూ కలిసిపోయాయి. స్టార్టరు పెట్టెలో సిమ్ వేసి, మంచం మీది నుంచే మోటారు ఆన్ చేస్తున్నారు. రాత్రిపూట పాముల భయంతో గట్ల వెంట నడిచే బాధ తప్పింది. అయినా ఫోన్ పాడైతే పక్కింటివాళ్లది అడగొచ్చు. ఎండాకాలంలో మోటారు కాలితే, వైండింగ్ (లోపలి తీగచుట్టలు) కొత్తగా చేయించి మళ్లీ బోరులోకి దించేదాకా చెట్లు ఆగవు.