వేట బ్యాన్‌లో పడవ ఇంజన్ ఓవరాలింగ్‌కి ఇచ్చినోళ్ళు, ఇయ్యబోయేవాళ్ళు ఒకసారి ఇది చదవండి

హైవే పక్కన రేకుల షెడ్డు. పేరు రాయను. తూపిలిపాలెం నుంచి తడ దాకా పడవ ఉండే ప్రతి ఒక్కరికీ తెలిసిన షెడ్డే. "ఆయన చెయ్యి పడితే ఇంజన్ కొత్తదైపోతాది" అని మీరే గదా నాకు చెప్పింది. అయింది సామీ, కొత్తదే అయింది. ఇప్పుడు తాడు లాగితే కదలను కూడా కదల్దు.

మాది ఫైబర్ పడవ, వెనక తగిలించే 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డు ఇంజన్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి, పోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎట్లాగూ వేట నిషేధమే గదా, ఈ లోపల సిలిండర్‌కి బోరు కొట్టించి పిస్టన్, రింగులు, బేరింగులు మార్పిద్దామని ఇచ్చినాం. సర్కారు ఇచ్చిన బ్యాన్ డబ్బులు 20,000 అట్లే తీసకపోయి ఆయన చేతిలో పెట్టినాం. చాల్లేదు, పైన అప్పు చేసి ఇంకో ఆరు వేలు. ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అని తిప్పి తిప్పి, వేటకి పోయే ముందు రోజు సాయంత్రం ఇచ్చినాడు ఇంజన్.

ఆ సాయంత్రం సంగతి వినండి. నీళ్ళ డ్రమ్ములో ఇంజన్ దించి, స్టార్ట్ చేసి, చేసీ చెయ్యంగానే ఫుల్ థ్రాటిల్ తిప్పినాడు. డ్రమ్ములో నీళ్ళు ఎగిరి బయటపడతా ఉండాయి, షెడ్డంతా పొగ. "సౌండు చూసినావా అన్నా" అని నవ్వతా ఉండాడు. నేను అడిగినా, "కొత్త పిస్టన్ గదా, రన్నింగ్ ఇన్, అదే కొన్ని గంటలు మెల్లంగా తోలేది, ఏమన్నా చెయ్యాల్నా? ఆయిల్ ఎంత కలపాల?" అని. దానికాయన "ఇదేమన్నా కొత్త పెళ్ళికూతురా అన్నా, మెల్లంగా అలవాటు చేసేదానికి! ఎప్పుడూ కలిపినంతే కలుపు, ఫుల్ కొట్టుకుంటా పో, టైటుంటే అదే లూజైపోతాది" అన్నాడు. పక్కన మా బావమరిది ఉండాడు, షెడ్డులో పని చేసే పిల్లోళ్ళు ఉండారు. అందరూ విన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తెల్లారి బయల్దేరినాం. సముద్రంలోకి దిగే ముఖం దాటి కొంచెం దూరం పోయినామో లేదో, స్పీడు దానంతట అదే తగ్గింది. నేను థ్రాటిల్ ఇంకా తిప్పినా. కుయ్యిమని ఒక అరుపు, ఆగిపోయింది. తాడు లాగితే రాయి. పక్క ఊరోళ్ళ పడవ తాడు కట్టి లాక్కొచ్చింది, వాళ్ళ వేట కూడా చెడగొట్టినట్టయింది.

ఇంజన్ తీసకపోతే ఆయన మొదట చెప్పింది, "ఇసక పట్టి నీళ్ళు లాగలేదు, వేడెక్కి పట్టేసింది" అని. ఆగిపోయేదాకా ఇంజన్ చల్లబరిచే నీళ్ళు గొట్టంలోంచి ధారగా పడతానే ఉండాయి, చూసుకుంటానే పోయినా. సరే, ఆడే పంపు విప్పించినా. నీళ్ళు లాగే ఇంపెల్లర్ రెక్కలు ఒక్కటి కూడా చెక్కుచెదర్లేదు. అది చూసి హెడ్డు విప్పినాడు. పిస్టన్‌కి సైలెన్సర్ వైపు అల్యూమినియం కరిగి లైనర్‌కి, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడకి, పూసుకోనుంది, పై రింగు గాడిలోనే అతుక్కపోయింది. అప్పుడు, నలుగురు కస్టమర్లు నిలబడుండంగా, మా బావమరిది పక్కనే ఉండంగా అంటాడు గదా, "రన్నింగ్ ఇన్ చెయ్యకుండా ఫుల్ తోలినావా? నీకు పడవెవురిచ్చినారు సామీ?"

నాకు నోట మాట రాలేదు. నువ్వే గదా ఫుల్ కొట్టమంటివి అంటే, "నేనట్ల ఎందుకంటా? ముప్పై ఏళ్ళ సర్వీసు నాది" అని, బిల్లు తిప్పి వెనక రబ్బరు స్టాంపు చూపించినాడు, డ్రైవింగ్ లోపాలకు బాధ్యత లేదని. ఆ పిల్లోళ్ళని చూసినా, ఒకడు స్పానర్లు సర్దుకుంటా తల దించుకున్నాడు. డబ్బులు పోయినదానికంటే ఆ మాట అనిపించుకున్నందుకే మండతా ఉంది. చిన్నప్పటి నుంచి సముద్రం మీద బతికినోణ్ణి, షెడ్డులో డ్రమ్ములో ఇంజన్ నడిపేవాడు నాకు పడవ తోలడం నేర్పిస్తాడు!

ఇంకోటి. బోరు కొట్టినాక హోనింగ్, అంటే రాళ్ళతో లోపల సానబట్టేది, చేస్తే లైనర్ లోపల అడ్డం అడ్డంగా సన్న గీతలు పడాల. ఆయిల్ నిలిచేది వాటిల్లోనే, కొత్త రింగులు రాసుకోని సెట్టయ్యేది వాటి మీదనే. దెబ్బ తగలని వైపు సెల్‌ఫోన్ లైటేసి చూసినా. గీత లేదు, అద్దమే. బిల్లులో మాత్రం బోరింగ్, హోనింగ్ రెండూ ఉండాయి. బాగుంది గదా లెక్క.

ఇప్పుడు చెన్నైలో తెలిసినాయన దగ్గర పెట్టినాం. ఆయన చెప్పింది ఇది: ఇట్లాంటి టూ స్ట్రోక్‌కి మొదటి 10 గంటలు ఆయిల్ డబుల్ పొయ్యాల. మామూలుగా లీటరు పెట్రోలుకి 20 మిల్లీ అయితే, అప్పుడు 40. మొదట్లో సగం థ్రాటిల్ దాటకూడదు. అట్లని ఒకే స్పీడులో గంటలు గంటలు పోకూడదు, ఎక్కిస్తా దించతా ఉండాల. ఊరికే ఐడిల్‌లో పెట్టినా రింగులు సెట్ కావంట. ఇంత చిన్న సంగతి చెప్పేదానికి ఆ షెడ్డాయనకి నోరు రాలేదు.

హెడ్డు బిగించక ముందే పోయి లైనర్ కళ్ళతో చూడండి. రన్నింగ్ ఇన్ ఎట్ల చెయ్యాలో, ఆయిల్ ఎంతో బిల్లు మీదనే రాయించుకోండి. రాయనంటే ఇంజన్ ఎత్తుకొచ్చేయండి. ఆ షెడ్డులో ఇప్పుడు ఎవురిదన్నా ఇంజన్ ఉంటే, ఇంకా బోరు కొట్టలేదంటే, ఈ రోజే పోయి తెచ్చుకోండి. నా బిల్లు ఫొటో, లైనర్ ఫొటో కావాలన్నోళ్ళు అడగండి, పంపిస్తా.