జెర్సీ మీద బడి పేరు, ఖర్చంతా మనది: డాలస్ శివారులో ఒక హైస్కూల్ లాక్రోస్ క్లబ్

డాలస్ ఉత్తర శివార్లలోని తెలుగు కుటుంబాలలో పిల్లవాడు హైస్కూలుకు రాగానే టెన్నిసా, క్రికెట్టా అన్న చర్చ మామూలే గాని, ఈమధ్య లాక్రోస్ గురించి, అంటే చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట గురించి, వాకబు చేసేవారు కూడా కనిపిస్తున్నారు. మా అబ్బాయి ఆడుతున్న క్లబ్బు ఎలా ఉందో వారి కోసం రాస్తున్నాను. క్లబ్బు పేరు చెప్పడం లేదు. ఇక్కడ ఎత్తిచూపే లోపాలలో చాలావరకు ఈ ఒక్క క్లబ్బువే కావు.

జెర్సీ మీద బడి పేరు ఉన్నంత మాత్రాన ఇది బడి నడిపే జట్టు కాదు. టెక్సాస్‌లో పాఠశాలల పోటీలు నిర్వహించే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, అంటే యూఐఎల్, తన క్రీడల జాబితాలో లాక్రోస్‌ను చేర్చుకోలేదు. అందువల్ల బాలుర జట్లు టెక్సాస్ హైస్కూల్ లాక్రోస్ లీగ్ కింద ఆడతాయి. మా జట్టును నడిపేది తల్లిదండ్రులే ఏర్పాటు చేసుకున్న ఒక లాభాపేక్ష లేని సంఘం. ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడికి బడివేళల్లోనే సాధన పీరియడ్, బస్సు, హెల్మెట్, దెబ్బ తగిలితే చూసే ట్రైనర్ బడి తరఫునే అమరుతుండగా, మావాడికి ఇవన్నీ మేము చెల్లించే రుసుము నుంచో, ఎవరో ఒక తండ్రి వ్యాను నుంచో రావాలి. సీజన్ రుసుము వెయ్యి డాలర్లకు పైమాటే. హెల్మెట్, గ్లవ్స్, షోల్డర్ ప్యాడ్స్, స్టిక్ అందులోకి రావు. పాత సామాను కొనేవారు ఒక్క విషయం గమనించాలి: 2022 నుంచి షోల్డర్ ప్యాడ్స్‌కు గుండె మీద దెబ్బ నుంచి కాపాడే ఎన్‌డీ200 ప్రమాణం తప్పనిసరి కాబట్టి, ఆ ముద్ర లేనివి ఎంత చవకగా దొరికినా మ్యాచ్‌లో పనికిరావు.

శిక్షణ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఎన్నడూ స్టిక్ పట్టని పిల్లలను కోచ్ మొదటి కొన్ని వారాలు గోల్ దగ్గరికే రానివ్వలేదు. నేల మీది బంతిని తీయడం, గోడకు కొట్టి రెండు చేతులతోనూ మార్చి మార్చి పట్టుకోవడం, అంతే. ఒక సాయంత్రం మావాడి స్టిక్ చూసి ఆయన పక్కన కూర్చుని వల తాళ్లను విప్పి మళ్ళీ బిగించాడు. బంతిని వలలో వేసి కంటి ఎత్తుకు పట్టుకుని, బంతి పైభాగం వల చుట్టూ ఉన్న చట్రం కింది అంచు కన్నా కిందికి దిగిపోతే ఆ స్టిక్ చెల్లదని, రిఫరీ తనిఖీలో పట్టుబడితే పెనాల్టీ పడుతుందని విడమరిచి చెప్పాడు. జీతం ఇచ్చి పెట్టుకున్న కోచ్‌లందరిలో ఇంత ఓపిక ఉండదు.

మైదానం సంగతి అంత చక్కగా లేదు. స్టేడియం టర్ఫ్ మాకు దొరికేది అద్దెకు, అదీ యూఐఎల్ జట్లకు అక్కరలేని వేళల్లో. సాధన ఒక మిడిల్ స్కూలు గడ్డి మీద జరుగుతుంది. శనివారం ఉదయం తండ్రులు టేపు పట్టుకుని 9 అడుగుల వ్యాసార్ధంతో క్రీజ్, అంటే గోల్ చుట్టూ ఉండే వలయం, గీసి, గొలుసు వేసి కట్టిన గోల్‌పోస్టులను ఈడ్చుకొచ్చి నిలబెడతారు. ఆట అయ్యాక మళ్ళీ వాటిని కట్టేయాలి. చేతిచమురు భాగవతమంటే ఇదే. రిఫరీలు దొరకక జేవీ, అంటే జూనియర్ వార్సిటీ అనే రెండో స్థాయి జట్టు, మ్యాచ్‌లు వాయిదా పడడం, ఆ సమాచారం ముందురోజు రాత్రి గాని అందకపోవడం నాకున్న ప్రధానమైన ఫిర్యాదు.

జట్టు పెరగకపోవడానికి కారణాలు కూడా ఇక్కడే ఉన్నాయి. లాక్రోస్ వసంతకాలపు ఆట. అదే సమయంలో బేస్‌బాల్, ట్రాక్, టెన్నిస్ బడి ఖర్చుతో సాగుతాయి కాబట్టి చురుకైన పిల్లలు అటే పోతారు. మైదానంలో జట్టుకు పదిమంది కావాలి, మార్చి మార్చి దింపడానికి మరో పదిమందైనా ఉండాలి, గోలీగా నిలబడడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. తగినన్ని బడులు జట్లు పెడితే గాని యూఐఎల్ గుర్తించదు, యూఐఎల్ గుర్తిస్తే గాని బడులు జట్లు పెట్టవు; చెట్టు ముందా, విత్తు ముందా అన్న చందం. ఈ చిక్కును కొన్ని రాష్ట్రాలు దాటాయి: ఒహాయో 2017లో, ఇల్లినాయ్ 2018లో అధికారిక రాష్ట్ర పోటీలు మొదలుపెట్టాయి. ఆటకు కొత్త ఊపు మన ముంబైలోనే వచ్చింది. 2023 అక్టోబరులో అక్కడ జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశమే క్రికెట్‌తో పాటు లాక్రోస్‌ను కూడా 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో చేర్చింది. అయితే ఒలింపిక్స్‌లో ఆడేది ఆరుగురి ఆట. దానివల్ల మా బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో ఒక్క డాలరైనా కదిలినట్టు కనిపించదు.

స్కాలర్‌షిప్ మీద ఆశతో చేర్చాలనుకుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోనూ, సదరన్ మెథడిస్ట్‌లోనూ ఉన్న పురుషుల జట్లు క్లబ్ జట్లే, విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇచ్చి ఆడించే జట్లు కావు. మావాడికి దక్కినది వేరు: ఫుట్‌బాల్ జట్టు వైపు కన్నెత్తి కూడా చూడలేని సన్నని పిల్లవాడు, నిరుడు జేవీలో మిడ్‌ఫీల్డర్‌గా ప్రతి మ్యాచ్ ఆడాడు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన దానిలో ఒక్కటి వాయిదాల గందరగోళానికి. మిగిలిన అర క్లబ్బు తలచుకుంటే రేపే సరిదిద్దగలిగిన దానికి. రుసుములో రాయితీ, అరువుకు ఇచ్చే సామాను రెండూ ఉన్నాయి గాని, నమోదు పత్రంలో ఆ మాట ఎక్కడా లేదు. కోశాధికారికి నేరుగా ఈమెయిల్ రాసి అడిగినవారికే దొరుకుతున్నాయి.