మా లా కాలేజీ గ్రంథాలయం: నాలుగేళ్లు వాడిన తర్వాత

నెల్లూరు ప్రాంతంలోనే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసి, ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్నాను. ఈ నాలుగేళ్లూ రోజూ కూర్చున్నది మా కాలేజీ గ్రంథాలయంలోనే.

దీని బలమంతా తీర్పుల సంపుటాలే. ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంకలనం) వరసంతా తెరిచిన అరల్లో ఉంటుంది; ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. మాది అల్లూరు వైపు పల్లె, చుట్టూ రొయ్యల గుంటలే. మొదటి ఏడాది అధ్యాపకులు 'ఏఐఆర్ 1997 ఎస్సీ 811' అని బోర్డు మీద రాసి వెతకమన్నారు. 1997 సుప్రీంకోర్టు సంపుటం దించి 811వ పేజీ తెరిస్తే, తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో వచ్చిన ఎస్. జగన్నాథ్ కేసు తీర్పు. తాగునీరు ఉప్పబారడం, పంటపొలాలు చెడిపోవడం, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం కట్టాలనడం... మా ఇంటి అరుగు మీద విన్న గొడవే అక్కడ న్యాయసూత్రమై కనిపించింది. చట్టం మీద నాకు ఇష్టం కలిగింది ఆ బల్ల దగ్గరే.

కూర్చునే వసతి మాత్రం అంతంతమాత్రం. బల్లలు వెడల్పుగా ఉన్నాయి, వెలుతురు బాగుంది. ప్లగ్ పాయింట్లు రెండే. మే నెలలో మధ్యాహ్నం ఫ్యాను గాలి కూడా సెగలా కొడుతుంది. మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా వాదనల) సాధనకు వేరే గది లేక అందరూ ఇక్కడే వాదించుకుంటారు. అన్నిటికంటే బాధ కలిగించేది, సాయంత్రం అయిదింటికే తలుపులు మూయడం. పగలు ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఈ అరలు ఉన్నా లేనట్టే. కనీసం పరీక్షల నెలల్లోనైనా ఎనిమిది దాకా తెరవాలి.

ఇంకొకటి. 2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది; హత్యకు శిక్ష ఇప్పుడు 302వ సెక్షన్‌లో కాదు, 103లో ఉంది. అయినా కొత్త బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) రెండే ప్రతులు. పాత ఐపీసీ వ్యాఖ్యానాలను తీసేయమని అనను, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. ఆ పుస్తకాల మీద ఒక చీటీ అంటిస్తే కొత్త విద్యార్థులు పొరబడరు.

కొత్తగా చేరేవారికి ఒక మాట: చదివిన సంపుటాన్ని మీరే అరలో పెట్టకండి, బల్ల మీదే ఉంచండి. రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించిన కేశవానంద భారతి తీర్పున్న 1973 సంపుటం ఒకసారి రెండు వారాలు కనిపించలేదు. చివరికి ఆదాయపు పన్ను పుస్తకాల వెనక దొరికింది.