ఆరేళ్లుగా వాడుతున్న క్లిప్పు మూత సీసా: పొడుం భద్రమే, గొడవంతా గాస్కెట్‌తోనే

చాలాకాలం నశ్యాన్ని, అదే ముక్కుతో పీల్చే పొగాకు పొడుంని, అది వచ్చిన రేకు డబ్బాలోనే ఉంచేవాణ్ణి. సగం అయ్యేసరికి పొడుం దుమ్ములా మారేది. చిటికెడు పడితే ముక్కులో ఆగకుండా గొంతులోకి జారి ఒకటే దగ్గు. తయారుచేసినవాళ్లను తిట్టుకునేవాణ్ణి. పాపం, వాళ్ల తప్పేం లేదు, గాలి ఆడనిచ్చే ఆ మూతదే తప్పు.

ఆరేళ్ల కిందట నాలుగు గాజు సీసాలు కొన్నాను. తీగ క్లిప్పుతో మూతను బిగించే రకం, మూత కింద గాలి చొరకుండా ఆపే రబ్బరు చుట్టు, అదే గాస్కెట్. క్లిప్పు పడేటప్పుడు వచ్చే టప్‌మనే చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. మొదటి ఏడాదే పని మీద నాలుగు నెలలు ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే రేకు డబ్బాలో మిగిలినది ఇసుకలా రాలుతోంది. సీసాలోది మాత్రం వేళ్ల మధ్య నొక్కితే ముద్దయింది, కదిపితే విడిపోయింది, వాసన కూడా చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి కనిపించినవాళ్లందరికీ ఈ సీసాల గురించే చెప్పేవాణ్ణి.

రెండో ఏడాది దెబ్బ తగిలింది. మెంథాల్ రకం అయిపోతే ఆ సీసాను సబ్బుతో, వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, అందులో గులాబీ వాసన నశ్యం పోశాను. గాజుకు వాసన పట్టదు కదా అని ధీమా. రెండు వారాలయ్యాక తీసి పడితే గులాబీ ఎక్కడో అడుగున, పైనంతా చల్లటి మెంథాల్! పొడుమే కల్తీదేమో అని అనుమానపడ్డాను. డబ్బాలో మిగిలిన కాస్తా చూస్తే శుభ్రమైన గులాబీ. సీసా ఖాళీ చేసి వాసన చూశాను, ఏమీ లేదు. చివరికి గాస్కెట్ ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని మరగబెట్టాను, వంటసోడాలో నానబెట్టాను, వారం రోజులు ఎండలో పెట్టాను. కొంత తగ్గింది గానీ పోలేదు. ఆ గులాబీ నశ్యం మొత్తం పాడైనట్టే. ఇప్పుడు ఒక్కో వాసనకు ఒక్కో గాస్కెట్, ప్రతిదాని మీదా మార్కర్‌తో పేరు. మూడేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. టప్‌మని చప్పుడు వచ్చినంత మాత్రాన గాలి ఆగినట్టు కాదని ఆ పగుళ్లు చూశాకే తెలిసింది.

ఇంకోటి చెప్పాలి. నాలుగు నెలలు తాజాగా ఉందని మురిసిపోయాను కదా, ఆ నాలుగు నెలలూ దాన్ని ఎవరూ తెరవలేదు! రోజుకు నాలుగుసార్లు మూత తీస్తే పెద్ద సీసా కూడా నెలలోపే వాసన కోల్పోతుంది. పొడుం తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది మరి. అందుకే వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్దదాన్ని చీకటి అలమారాలో పెట్టేస్తాను. చింగ్ వంశం కాలంలో చైనావాళ్లు నశ్యాన్ని చిన్న సీసాల్లోనే ఉంచుకునేవారు. బిరడాకే సన్నటి చెంచా అతికించి ఉండేది, తడి వేళ్లు లోపల పెట్టే పనే లేదు. యూరప్ దొరల నగిషీ డబ్బాలకన్నా నాకు ఈ తెలివే నచ్చుతుంది.

ఫ్రిజ్ జోలికి ఒక్కసారే వెళ్లాను. చల్లటి సీసాను బయటికి తీసిన వెంటనే తెరిచాను, గాలిలోని తేమ లోపల చేరి పొడుం ఉండలు కట్టింది, తర్వాత బూజు పట్టింది. పారేశాను. గది వేడికి వచ్చేదాకా ఆగి తెరిస్తే బాగుండేదేమో, మళ్లీ ప్రయత్నించే ఓపిక లేదు. సిలికా జెల్ పొట్లం వేయడం అంతకన్నా తెలివితక్కువ పని, అది ఉన్న తడిని కూడా పీల్చేస్తుంది. ఎండిన పొడుం పక్కన తడి దూదిని చిన్న మూతలో ఒక రోజు ఉంచితే మెత్తదనం తిరిగొస్తుంది, పోయిన వాసన మాత్రం రాదు.

నేను రోజుకు మూడు నాలుగు చిటికెలకు మించి పట్టను, రకాలేమో నాలుగైదు. అందుకే నాకీ తంతు తప్పదు. డబ్బాను పది రోజుల్లో ఖాళీ చేసేవాళ్లకు ఇదంతా దండగ. వేయించి పొడి చేసిన ఎండు రకాలు పట్టేవాళ్లకూ తడి గురించి ఇంత బెంగ అక్కర్లేదు. ఇప్పుడు కొనాల్సివస్తే అవే సీసాలు కొంటాను, కాకపోతే అందులో సగం సైజువి, గాస్కెట్లు మాత్రం రెట్టింపు. ఆ మెంథాల్ గాస్కెట్ ఇంకా సొరుగులోనే ఉంది. సొరుగు తెరిస్తే ఇప్పటికీ వాసనొస్తుంది.