మాట్లాడే బొమ్మా, బ్లాకులా, వంటింటి డబ్బాలా: రెండేళ్ల పిల్లలకి ఏది మేలు?

రెండో పుట్టినరోజు దగ్గర పడుతున్న పిల్లలున్న ఇళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "ఏ బొమ్మ కొంటే మంచిదండీ?" అడిగేవాళ్ల మనసులో అప్పటికే రెండు రకాలు తిరుగుతుంటాయి. ఒకటి, మీట నొక్కితే అక్షరాలు చెప్పి, పాట పాడి, లైట్లు వెలిగించే బ్యాటరీ బొమ్మ. రెండోది బ్లాకుల డబ్బా. మూడో రకం గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే అది కొనేది కాదు. దాన్ని పిల్లలే ఎప్పుడో ఎంచుకుని ఉంటారు: వంటింట్లో కింది అర. గిన్నెలు, మూతలు, డబ్బాలు, గరిటెలు.

ఈ మూడింటిలో ఏది మేలో చెప్పాలంటే ముందు దేన్ని బట్టి తూచాలో తేలాలి. రంగులు గుర్తుపడతారా, అంకెలు వస్తాయా, వేళ్లకి పని ఉంటుందా, ఎంతసేపు కుదురుగా కూర్చుంటారు, ఇవన్నీ చూడాల్సినవే. నేను మాత్రం అన్నిటికంటే ముందు ఒకటి చూస్తాను: ఆ వస్తువు మధ్యలో ఉన్నప్పుడు పిల్లలూ పెద్దవాళ్లూ ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటున్నారు? రెండేళ్లంటే మాటలు పుట్టుకొచ్చే వయసు. నిన్నటిదాకా ఒక్కో మాటతో నెట్టుకొచ్చిన పిల్ల "అమ్మ రా", "బంతి లేదు" అని రెండేసి మాటలు కలపడం మొదలుపెడుతుంది. వాటికి బదులు చెప్పే మనిషి ఎదురుగా ఉంటే ఆ మాటలు పెరుగుతాయి. రంగులదేముంది, ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తాయి.

బ్యాటరీ బొమ్మతో మొదలుపెడతాను. దాని పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి. ఏడాది వయసు పిల్లలకి "నేను నొక్కాను, అది మోగింది" అన్నది చాలా పెద్ద విషయం. తన చేతి వల్ల ఏదో జరుగుతోందని తెలియడం అక్కడే మొదలవుతుంది. పెద్దవాళ్లకి ఓ పది నిమిషాలు ఊపిరి పీల్చుకునే వీలు కూడా దొరుకుతుంది. ఆ పది నిమిషాల విలువ పిల్లలున్న ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

చిక్కల్లా అది మాట్లాడటంలోనే ఉంది. అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీలో అనా సోసా అనే పరిశోధకురాలు 10 నుంచి 16 నెలల వయసు పిల్లలూ వాళ్ల అమ్మో నాన్నో ఇంట్లో ఆడుకుంటుంటే ఆ మాటలు రికార్డు చేశారు. మొత్తం 26 జంటలు. ఫలితాలు 2016లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. బొమ్మల పుస్తకాలు ముందేసుకున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 67 మాటలు మాట్లాడారు. పజిల్, బ్లాకుల్లాంటి మామూలు ఆటవస్తువులతో 56. బ్యాటరీ బొమ్మలతో 40. ఇరవై ఆరు జంటలంటే చిన్న అధ్యయనమే, కాదనను. కానీ ఏ ఇంట్లో కూర్చుని చూసినా ఇది కళ్లకి కనబడుతుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని మనకి అలవాటు. ఆ మాట్లాడేది ప్లాస్టిక్ ఆవు అయినా సరే, మర్యాదగా నోరు మూసుకుని కూర్చుంటాం. పిల్ల "అంబా" అనేలోపు ఆవే అనేస్తుంది. ఇక మనం అనడానికి ఏం మిగిలింది?

ఇంకో సంగతి. పిల్ల ఆ ఆవుని తలకిందులుగా పట్టుకున్నా, దుప్పటి కప్పి పడుకోబెట్టినా, స్నానం చేయించబోయినా అది అదే పాట పాడుతుంది. పిల్ల ఆట ఎటో వెళ్తుంటే బొమ్మ తన దారికే లాగుతుంటుంది. అందుకే ఇది మూన్నాళ్ల ముచ్చట. నాలుగు మీటలూ ఏం చేస్తాయో తెలిసిపోయాక దాని దగ్గర కొత్తగా ఏమీ ఉండదు.

కొనేవాళ్లు తప్పకుండా చూడాల్సింది బ్యాటరీ పెట్టే చోటు. స్క్రూతో బిగించిన మూత లేకపోతే ఆ బొమ్మ ఇంట్లోకి రాకూడదు, అంతే. ముఖ్యంగా నాణెంలా గుండ్రంగా, పల్చగా ఉండే బటన్ బ్యాటరీలు. అది మింగితే గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుని, తడి తగలగానే కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని తీవ్రంగా కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, బయటికి వచ్చేస్తుందేమోనని ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. బ్యాటరీ బొమ్మ ఒక్కటే కాదు, పాట పాడే గ్రీటింగ్ కార్డు, చిన్న రిమోటు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక బ్లాకులు. ఇందులోనే రెండు జాతులు: ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్‌వి, ఊరికే ఒకదాని మీద ఒకటి నిలబడే చెక్కవి. ప్లాస్టిక్‌వి కొంటే చిన్న పిల్లల కోసం చేసిన పెద్ద సైజువే కొనండి. లెగో కంపెనీ 1969లో తెచ్చిన డూప్లో ఇటుక మామూలు లెగో ఇటుకకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడింట్లోనూ రెట్టింపు. అంటే మొత్తం మీద ఎనిమిదింతలు, నోట్లో పట్టదు. మూడేళ్లలోపు పిల్లలకి ఏది చిన్నదో తేల్చడానికి బొమ్మల ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. ఏ ముక్కయినా అందులో పూర్తిగా దూరితే ఆ వయసుకి పనికిరాదు.

నా ఓటు చెక్కవాటికి. కారణం ఒక్కటే, అవి పడతాయి. బిగుసుకునే ఇటుకలు తప్పుగా పెట్టినా నిలబడతాయి. చెక్కవి అలా కాదు, కిందిది వంకరగా ఉంటే నాలుగోది పెట్టగానే మొత్తం కూలుతుంది. ఇందులో సైజుల లెక్క కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో కరొలైన్ ప్రాట్ అనే టీచర్ తయారుచేసిన బ్లాకుల కొలతలు 1:2:4 నిష్పత్తిలో ఉంటాయి. రెండు సగం ముక్కలు పక్కపక్కన పెడితే ఒక పూర్తి ముక్క అవుతుంది. అది నేర్పాల్సిన పాఠం కాదు, చేతికే తెలిసిపోతుంది.

రెండేళ్ల పిల్లలు ఇల్లు కట్టేస్తారని మాత్రం ఆశపెట్టుకోకండి. ఆ వయసులో ఆరేడు ముక్కలు నిలువుగా పేర్చడమే గొప్ప. మూడు ముక్కలతో వంతెన కట్టడం మూడేళ్ల ముచ్చట. అంతకుముందు వాళ్లకి ఇష్టమైన పని కూల్చడం. మీరు కడతారు, వాళ్లు తంతారు. "ఒకటి... రెండు... ఢాం!" అని మీరు, "మళ్లీ!" అని వాళ్లు. చూడ్డానికి అల్లరిలాగే ఉంటుంది గానీ, ఈ ఆటలో నోరు మెదపకుండా కూర్చోవడం ఎవరివల్లా కాదు. 2007లో అమెరికాలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసు పిల్లలున్న ఇళ్లలో కొన్నింటికి బ్లాకులూ, వాటితో ఏం ఆడొచ్చో చెప్పే కాగితాలూ పంపారు. ఆరు నెలల తర్వాత చూస్తే, పంపని ఇళ్లతో పోలిస్తే ఆ పిల్లలకి మాటల పరీక్షలో ఎక్కువ స్కోరు వచ్చింది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది బ్లాకులు తయారుచేసే కంపెనీయే, కాబట్టి కాస్త అనుమానంగానే వినండి. అదే అధ్యయనంలో ఏకాగ్రత విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. అందుకే ఎవరైనా "బ్లాకులు ఆడితే ఏకాగ్రత పెరుగుతుంది" అంటే నేను తలూపను.

బ్లాకుల లోటు కూడా చెప్పాలి. రెండేళ్ల పిల్లకి డబ్బా ఇచ్చి మీరు పనిలో పడితే ఐదు నిమిషాల్లో బ్లాకులన్నీ సోఫా కింద ఉంటాయి, పిల్ల మీ కాళ్ల దగ్గర ఉంటుంది. పక్కన మనిషి ఉంటేనే ఇది ఆట. పైగా చెక్క ముక్క విసిరితే తగులుతుంది, రాత్రి చీకట్లో తొక్కితే ఇంకా బాగా తగులుతుంది.

వంటింటి అర దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారుతుందని మా ఇంట్లో అంటారు. నిజమే కావచ్చు. మా చిన్నది అక్కడ చేసే పని ఒకసారి చూడండి. ఒక మూత తీసుకుంటుంది, పెద్ద డబ్బాది. చిన్న డబ్బా మీద పెడుతుంది. మూత అటూ ఇటూ ఊగుతుంది. ఎత్తి, తిరగేసి మళ్లీ పెడుతుంది. అరచేత్తో నొక్కుతుంది, తర్వాత ఒంటి బరువంతా వేసి నొక్కుతుంది. కుదరదు. నా వంక చూస్తుంది.

"పట్టలే."

"ఏది పట్టలేదు తల్లీ?"

"మూత."

"అయ్యో, మరి ఎవరిదో ఆ మూత!"

"పెద్ద డబ్బాది" అని నేనంటే ఆట అక్కడితో అయిపోయేది. అనలేదు కాబట్టి ఒక్కో డబ్బా దగ్గరికి వెళ్లి "నీదా?" అని అడుగుతూ తిరిగింది. గరిటెని కూడా అడిగింది. పెద్ద, చిన్న, లోపల, బయట, పట్టింది, పట్టలేదు, నిండింది, ఖాళీ... ఈ మాటలన్నీ వస్తువు చేతిలో ఉండగా వచ్చేవి. 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి పిల్లల చేతికి నిజమైన పాత్రలే ఇచ్చి నీళ్లు ఒంపించడం, తుడిపించడం వెనక ఉన్నది కూడా ఇలాంటి ఆలోచనే.

చూపించి నేర్పడం కంటే ఊరుకోవడం ఎంత పనిచేస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి 2011లో కాగ్నిషన్ పత్రికలో వచ్చింది. ఎలిజబెత్ బోనవిట్జ్, ఆమె సహచరులు రకరకాల పనులు చేసే ఒక కొత్త బొమ్మని బడికి వెళ్లే ముందు వయసు పిల్లలకి ఇచ్చారు. "ఇదిగో, ఇలా లాగితే కీచుమంటుంది" అని టీచర్‌లా చూపించి ఇచ్చినప్పుడు పిల్లలు ఎక్కువగా ఆ కీచుమనిపించడంతోనే సరిపెట్టుకున్నారు. ఎవరూ నేర్పనట్టుగా ఇచ్చినప్పుడు పిల్లలు అందులో దాగిన మిగతావాటిని కూడా వెతికారు. వంటింటి డబ్బాకి ఉన్న పెద్ద లాభం, దాంతో ఎలా ఆడాలో మనకీ తెలియకపోవడమే.

నష్టాలా? చప్పుడు. మూతలు నేలకేసి కొట్టే ఇంట్లో ఫోన్ మాట్లాడటం అయ్యే పని కాదు. వస్తువులు మాయం కావడం ఇంకోటి: రిమోటు, తాళంచెవులు, ఒక చెప్పు, ఏది కనిపించకపోయినా ముందు డబ్బాల్లో వెతకాలి. ఇల్లు పీకి పందిరి వేసినంత పనీ రోజూ ఉంటుంది. కత్తులు, గాజు, క్లీనింగ్ ద్రావకాలు, పొయ్యి ఉన్న చోటు కాబట్టి వంటిల్లంతా వాళ్లది చేయలేం. ఒక్క అర ఖాళీ చేసి, పదునూ గాజూ లేనివి ఓ నాలుగైదు అందులో పెట్టి, అది వాళ్లదని చెప్పేస్తే మిగతావాటికి గొళ్లెం పెట్టుకోవచ్చు. నాలుగైదు చాలా అని అడుగుతారు. 2018లో టొలీడో యూనివర్సిటీవాళ్లు 36 మంది పసివాళ్లని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

మిగతావి క్లుప్తంగా. పిడి ఉన్న పజిళ్లు మంచివే, కానీ ఒకసారి వచ్చేశాక ఆ ఆట అయిపోయినట్టే. కూర్చుని తోసుకునే కారు కాళ్లకి మేలు, మాటలకి తేడా ఏమీ ఉండదు. మెత్తటి పిండిముద్దలు బాగుంటాయి, తివాచీ లేని గది ఉంటే. ట్యాబ్ సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదే చెప్తాను: రెండేళ్లలోపు కూర్చోబెట్టి తెర చూపించొద్దు, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య రోజుకి గంట దాటొద్దు. బొమ్మల పుస్తకాన్ని ఈ పోటీలో కలపలేదు. అది దేనికీ బదులు కాదు, ఎలాగూ ఉండాల్సిందే.

కాబట్టి డబ్బు పెట్టి కొనాలనుకుంటే చెక్క బ్లాకులు. ఈ వయసుకి ఓ ఇరవై ముప్పై ముక్కలు సరిపోతాయి, మూడేళ్లు నిండాక ఇంకొన్ని కలుపుకోవచ్చు. రోజూ మీరు పని చేసుకుంటూ పక్కనే ఆడించడానికి వంటింటి అర. మీ చేతులు కడగడంలోనో తరగడంలోనో ఉన్నా నోరు ఖాళీగానే ఉంటుంది కాబట్టి, నేను చెప్పిన లెక్కలో బ్లాకుల కంటే కూడా ఇదే ముందుంటుంది. మీరు నిజంగా అలసిపోయి, పిల్లతో మాట్లాడే ఓపిక లేని ఆ పది నిమిషాలకి బ్యాటరీ బొమ్మ ఉంటే ఉండనివ్వండి.

అదెలాగూ బహుమతిగా వచ్చే తీరుతుంది. వచ్చినప్పుడు బ్యాటరీలు తీసి పక్కన పెట్టి ఇవ్వండి. నోరు లేని ఆవు కూడా ఆవే కదా, "అంబా" అనే పని పిల్లే చూసుకుంటుంది. కొనిచ్చిన తాతయ్య ఇంటికి వస్తున్న రోజు మాత్రం బ్యాటరీలు మళ్లీ వేసి, స్క్రూ బిగించి ఉంచండి.