తేట బేసా, జీర బేసా: రాక్‌కి ఏది మేలు?

ఇంట్లో ఒక్కడినే కూర్చుని, శబ్దాన్ని గరుకుగా మార్చే డ్రైవ్ పెడల్ తొక్కి వాయిస్తే బేస్ గిటార్ ఎంత నిండుగా ఉంటుందో! మొదట్లో ఆ మోజులోనే పడ్డాను. అదే సెట్టింగ్‌తో జామ్ రూమ్‌కి వెళ్లాను. మా బ్యాండ్‌లో రెండు గిటార్లు, రెండూ డిస్టార్షన్‌లోనే ఉంటాయి. మొదటి పాట సగంలో ఉండగానే మా డ్రమ్మర్ వాయించడం ఆపేసి, "అన్నా, నా కిక్ నాకే వినపడట్లేదు" అన్నాడు. కిక్ అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్. వంగి డ్రైవ్ నాబ్‌ని సగానికి తగ్గించాను. తర్వాత పావుకి. పావు దగ్గర కిక్ వినపడింది, నా వేళ్లు ఏం చేస్తున్నాయో కూడా వినపడింది. క్లీన్ టోనా, గ్రిట్ ఉన్న టోనా అన్న ప్రశ్నను నేను గట్టిగా పట్టించుకోవడం ఆ రోజే మొదలైంది.

క్లీన్ టోన్‌ని నేను తేట అంటాను. స్ట్రింగ్ ఎలా మోగితే స్పీకర్ అలాగే పలుకుతుంది. గ్రిట్ అంటే జీర, పాడి పాడి బరువెక్కిన గొంతులో ఉండేలాంటిది. సిగ్నల్ మోతాదు దాటినప్పుడు తరంగం పైకొసలు, కింది కొసలు తెగిపోతాయి. తెగినప్పుడు అసలు స్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ఫ్రీక్వెన్సీలు కూడా బలంగా పుట్టుకొస్తాయి. జీర అంటే చెవికి వినపడేది అదే.

దీనివల్ల వచ్చే పెద్ద లాభం ఫోన్‌లో తెలుస్తుంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే మందమైన తీగను ఖాళీగా మీటితే వచ్చేది దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. బాగా తేటగా, ట్రెబుల్ తగ్గించి రికార్డ్ చేసిన బేస్‌ని ఫోన్‌లో వింటే బేసిస్ట్ ఆ రోజు రానేలేదా అనిపిస్తుంది. కొంచెం జీర కలిపితే 82, 124, 165 హెర్ట్జ్ దగ్గర, ఆ పైన కూడా శబ్దం పెరుగుతుంది. చిన్న స్పీకర్ ఆ పైవాటినైనా పలికిస్తుంది. అడుగున లేని స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. మన పాటలు ఎక్కువమంది వినేది ఫోన్‌లోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నష్టం మీటులో ఉంది. కొసలు తెగితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దం ఇంచుమించు ఒకే ఎత్తులో వస్తుంది. బేస్, కిక్ ఒకే దెబ్బలా పడాలంటే ప్రతి స్వరానికీ మొదట్లో చురుకైన అంచు ఉండాలి. ఫజ్, అంటే మరీ ముతకగా చేసిన జీర, ఎక్కువైతే ఆ అంచు అరిగిపోయి హోరు మాత్రం మిగులుతుంది. బొటనవేలితో తీగను కొట్టి స్లాప్ చేసేవాళ్లకు, స్వరాల మధ్య తీగను అదిమిపెట్టి టక్కుమనిపించేవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్‌లో ఫ్లీ వాయింపును ఎక్కువభాగం తేట టోన్‌లోనే వింటాం. అంత వేగంలోనూ ఒక్కో దెబ్బ విడిగా తెలియడానికి అదొక కారణం.

ఇంతకీ ఏది మేలు? పక్కన ఎన్ని గిటార్లు ఉన్నాయో చూసుకోమంటాను. ఏసీ/డీసీ పాత రికార్డులు వినండి. మాల్కమ్, యాంగస్ ఇద్దరూ గిటార్లతో మధ్య స్థాయినంతా నింపేస్తారు. కింద క్లిఫ్ విలియమ్స్ పెద్దగా జీర లేకుండా మూలస్వరాన్ని నిలకడగా కొడుతూ పోతాడు. ఆ బేస్‌ని ఫజ్‌తో నింపితే గిటార్లకు చోటుండదు. మ్యూజ్ సంగతి వేరు. ముగ్గురే సభ్యులు, ఒకటే గిటార్. గిటార్ సోలోలోకి వెళ్లిందంటే కింద ఖాళీ. క్రిస్ వోల్‌స్టన్‌హోమ్ ఫజ్ ఆ ఖాళీని పూడుస్తుంది. రాయల్ బ్లడ్ మొదలైనప్పుడు గిటారే లేదు, బేస్, డ్రమ్స్ అంతే. అక్కడ జీర లేకపోతే పాట నిలబడదు. మోటర్‌హెడ్‌లో లెమ్మీ బేస్‌ని మార్షల్ ఆంప్‌లోకి పెట్టి, మిడ్స్ (మధ్య స్థాయి శబ్దం) బాగా పెంచి, రిథమ్ గిటార్‌లా తీగలు కలిపి వాయించేవాడు.

కలిపి వాయించడం గురించి ఒక జాగ్రత్త. జీర ఎక్కువ ఉన్నప్పుడు మూలస్వరం, పంచమం కలిపి మీటితే గంభీరంగా ఉంటుంది. గాంధారం కలిపితే, అందులోనూ కింది తీగల మీదైతే, బురదే. రెండు స్వరాలు ఒకదాన్నొకటి గుద్దుకుని పాటకు సంబంధంలేని కొత్త శబ్దాలు పుట్టిస్తాయి. కార్డ్ పూర్తిగా వినపడాలనుకున్నచోట తేటకే రండి.

"పాత రాక్ అంతా క్లీనే కదా" అనే మాట నాకు తరచూ వినిపిస్తుంది. పూర్తిగా నిజం కాదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల ట్యూబ్ ఆంప్. అలాంటిదాన్ని గట్టిగా పెంచితే ట్యూబులే కాస్త జీరనిస్తాయి. వేలు మెల్లగా ఆనితే తేట, గట్టిగా లాగితే గరగర. నాకు అన్నిటికంటే ఇష్టమైన టోన్ అదే. పెడల్ కొనేముందు దాన్ని ఒక్కసారైనా వినమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

రెండింటినీ కలపడమూ కొత్త సంగతి కాదు. 1965లో బీటిల్స్ 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లోని 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్' పాటలో రెండు బేస్‌లు ఉన్నాయి. మామూలు బేస్ ఒకటి, దాని మీద మెకార్ట్‌నీ ఫజ్‌తో వాయించింది ఇంకొకటి. అడుగు తేట, పైన జీర. బేసిస్ట్ బిల్లీ షీహన్ అయితే ఒకే బేస్ నుంచి రెండు అవుట్‌పుట్‌లు తీసి, లోతైన తేట శబ్దాన్ని ఒక ఆంప్‌కి, జీరను ఇంకొకదానికి పంపాడు. ఇప్పుడు అంత శ్రమ అక్కర్లేదు. చాలా బేస్ డ్రైవ్ పెడల్స్‌కి బ్లెండ్ నాబ్ ఉంటుంది. తేట ఎంత, జీర ఎంత అన్నది దాంతోనే తేల్చుకోవచ్చు. గిటారిస్ట్ దగ్గర అరువు తెచ్చిన ఓవర్‌డ్రైవ్‌లో మామూలుగా ఆ నాబ్ ఉండదు. పైగా ట్యూబ్ స్క్రీమర్ లాంటి గిటార్ పెడల్స్ డ్రైవ్ చేసేముందే లోతు శబ్దాన్ని తగ్గించేస్తాయి. గిటార్‌కి అది మంచిదే, బేస్ మాత్రం పీలబడిపోతుంది.

డబ్బు లేదనుకోండి, పెడల్ జోలికే పోకండి. పాత స్ట్రింగ్స్ తీసేసి కొత్త రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి సన్నతీగ చుట్టిన) సెట్ వేయండి. వేళ్లు కాక పిక్ పట్టుకుని, బ్రిడ్జ్‌కి దగ్గరగా మీటండి. సగం గరుకుతనం అక్కడే వచ్చేస్తుంది.

నన్ను ఒకటే ఎంచుకోమంటే, రెండు గిటార్లున్న బ్యాండ్‌కి తేటే. ఒక గిటారైతే బ్లెండ్ ఉన్న జీర. ఫజ్‌ని మాత్రం రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే వరస) బేస్‌దే అయిన పాటకి దాచుకుంటాను. పెడల్‌ని ఇంట్లో సెట్ చేయడం మానేశాను. డ్రమ్మర్ కిక్ కొడుతూ ఉంటాడు, గిటార్లు వాయిస్తూ ఉంటాయి, నేను డ్రైవ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతాను. కిక్ మసకబారిన చోట ఆగి, ఒక గీతంత వెనక్కి తిప్పుతాను.

మా కొత్త పాటలో చరణాలకు పెడల్ ఆఫ్, పల్లవికి బ్లెండ్ మూడో వంతు. మొన్న దాన్ని ఫోన్‌లోనే రికార్డ్ చేసి, ఫోన్‌లోనే విన్నాం. పల్లవి రాగానే డ్రమ్మర్ వాల్యూమ్ పెంచి, మొదటి నుంచి మళ్లీ పెట్టమన్నాడు.