క్యాలిక్యులస్ 1: పరీక్ష రాసి దాటేయాలా, క్లాసులో చదవాలా? ఏది మేలు?

నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి ఎంపీసీ ముగించి అమెరికాలో ఇంజనీరింగ్ డిగ్రీకి వెళ్లే పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇంటర్‌లో చేసిన లెక్కలనే డబ్బు కట్టి మళ్లీ చదవాలా? అక్కడ క్యాలిక్యులస్‌ను 1, 2, 3 అనే వరుస కోర్సులుగా చెబుతారు. మా సలహా: పరీక్ష రాసి 1 దాటండి, 2 మాత్రం క్లాసులో కూర్చుని చదవండి. రెండూ దాటి నేరుగా 3లో చేరితే ఎక్కువమందికి నష్టమే.

కారణం సిలబస్‌లోనే ఉంది. ఇంటర్ 1బిలో లిమిట్లు, డిఫరెన్షియేషన్, దాని అనువర్తనాలు చదువుతారు. 2బిలో ఇంటిగ్రేషన్, అవకలన సమీకరణాలు ఉంటాయి. క్యాలిక్యులస్ 1 దాదాపు అంతా ఇందులో వచ్చేసినట్టే. 2లో మాత్రం కష్టమైన భాగమే మిగిలిపోతుంది: అనంత శ్రేణులు, టేలర్ శ్రేణి, ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్. 1+1/2+1/3+… ఎందుకు హద్దు లేకుండా పెరుగుతుందో, 1+1/4+1/9+… ఎందుకు ఒక విలువకు చేరుతుందో కారణంతో చెప్పలేకపోతే 2 వదలొద్దు. తర్వాత సిగ్నల్స్, న్యూమరికల్ మెథడ్స్ లాంటి ఇంజనీరింగ్ కోర్సుల్లో ఈ లోటు బయటపడుతుంది, అప్పుడు పూడ్చుకునే తీరిక ఉండదు.

1లో కూడా ఒకచోట మనవాళ్లు తడబడతారు. ఇంటర్ పేపర్ ఎక్కువగా సూత్రం అడుగుతుంది, అక్కడ అర్థం అడుగుతారు. సాగర్‌కు వచ్చే ఇన్‌ఫ్లో, వదిలే ఔట్‌ఫ్లో గ్రాఫులు ఇచ్చి నీటిమట్టం ఎప్పుడు గరిష్ఠమని అడిగితే, చాలామంది ఇన్‌ఫ్లో గరిష్ఠంగా ఉన్న గంటను చూపిస్తారు. అది తప్పు. ఇన్‌ఫ్లో తగ్గుతున్నా, ఔట్‌ఫ్లో కన్నా ఎక్కువగా ఉన్నంతసేపు మట్టం పెరుగుతూనే ఉంటుంది. రెండూ సమానమై, ఆపై ఔట్‌ఫ్లో మించిపోయే క్షణమే సమాధానం. ఎంత నీరు చేరిందో కావాలంటే తేడాను ఇంటిగ్రేట్ చేయాలి: రోజంతా 11,574 క్యూసెక్కుల తేడా ఉంటే ఒక టీఎంసీ. ఇలాంటి లెక్కలు కనీసం ఇరవై చేయకుండా పరీక్షకు కూర్చోవద్దు.

దాటే దారుల్లో ఒకటి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష, అది మేలో ఉంటుంది. అందులో రెండు క్యాలిక్యులస్ పేపర్లు: ఏబీ అంటే సుమారు క్యాలిక్యులస్ 1, బీసీ అంటే 1, 2 కలిపి. బీసీ రాస్తే ఏబీ సబ్‌స్కోరు కూడా వస్తుంది. ఇబ్బందల్లా కాలంతోనే: ఎంట్రన్స్‌ల హడావిడీ అప్పుడే. పైగా కొన్ని భాగాలకు గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తప్పనిసరి, మనవాళ్లకు అది అలవాటు లేదు. కాలేజీ కోర్సులకు బదులు రాసే మరో పరీక్ష క్లెప్ తేలిక: 44 ప్రశ్నలు, సుమారు 90 నిమిషాలు, 80కి 50 వస్తే క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు) ఇవ్వవచ్చన్నది సిఫారసు. ఫెయిలైతే మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. అయితే క్లెప్‌ను ఒప్పుకోని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల గణిత విభాగమే సొంత పరీక్ష పెడుతుంది. అది దొరికితే దానికే మా ఓటు, ఎందుకంటే పాత ఫైనల్ పేపర్లు చూసి తయారు కావచ్చు. ఏ కోర్సులో చేరాలో తేల్చే ఆన్‌లైన్ పరీక్ష అలెక్స్ మాత్రం వేరు. అది ప్రీక్యాలిక్యులస్ వరకే చూస్తుంది, క్యాలిక్యులస్ 1లో కూర్చోబెడుతుందే తప్ప దాటించదు.

పరీక్ష పాసైతే క్రెడిట్ వస్తుందా, పై కోర్సులో చోటు మాత్రమేనా అని ముందే రాతపూర్వకంగా అడగండి. చోటే అయితే క్యాలిక్యులస్ 1కి సాధారణంగా ఉండే నాలుగు క్రెడిట్లను వేరే కోర్సుతో నింపాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సాధారణంగా సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు చదవాలి కాబట్టి, ఒక కోర్సు తగ్గించుకుని ఖాళీగా ఉండటం కుదరదు. 12 నుంచి 18 క్రెడిట్లకు ఒకే ఫీజు వసూలు చేసే చోట డబ్బు ఆదా కూడా డిగ్రీ ముందే ముగిస్తేనే.

ఇంటర్‌లో బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లు, మధ్యలో ఏడాది విరామం వచ్చినవాళ్లు 1లోనే చేరడం మంచిది. అనుమానం ఉంటే మీ యూనివర్సిటీ గణిత విభాగం పాత క్యాలిక్యులస్ 1 ఫైనల్ పేపర్ ఒకటి తీసుకుని, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని రాయండి. 80 శాతం దాటకపోతే 1 తీసుకోండి. 2లో చేరాక బరువనిపిస్తే, కోర్సు మార్చుకునే గడువు ముగిసేలోగా, సాధారణంగా మొదటి వారం, రెండు వారాల్లోనే, 1కి మారిపోండి. సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి మొదటి హోంవర్క్ చూసిన రోజే నిర్ణయించుకోండి.